షాంఘైలో పిల్లలతో ఎక్కడెక్కడికి వెళ్లొచ్చు?

ఒక్కరోజే ఉంటే షాంఘై డిస్నీల్యాండ్‌కే వెళ్లండి. పుడోంగ్‌లో 2016 జూన్‌లో మొదలైంది. మెట్రో 11వ లైన్ నేరుగా దాని దగ్గరే దింపుతుంది. 2023 డిసెంబర్‌లో తెరిచిన, జూటోపియా యానిమేషన్ సినిమా ఆధారంగా కట్టిన విభాగం ప్రపంచంలో మొదటిది, అందుకే అక్కడ క్యూ పొడవు. గేటు తెరవగానే ముందు అటే నడవాలి. కాస్త పెద్ద పిల్లలైతే ట్రాన్ రైడ్ వదలరు. బైకు మీద కూర్చున్నట్టు ముందుకు వంగి దూసుకుపోవడమే! దానికి ఎత్తు నిబంధన ఉంది, చిన్నవాళ్లకు ముందే చెప్పి ఉంచితే ఏడుపు తప్పుతుంది.

మరీ పసివాళ్లుంటే ఓరియంటల్ పెర్ల్ టవర్ పక్కనున్న ఓషన్ అక్వేరియం మేలు. గాజు సొరంగంలో నడుస్తుంటే తలమీదుగా షార్కులు ఈదుతాయి. వాన పడితే నేచురల్ హిస్టరీ మ్యూజియం. లెగోలాండ్ 2025 జులైలో వచ్చింది కానీ, అది జిన్‌షాన్‌లో, ఊరికి బాగా దూరం.

అక్టోబర్ 1 నుంచి వచ్చే సెలవుల వారంలో మాత్రం వద్దు, జనం కిటకిట. చైనాలో ఫోన్‌తో డబ్బు చెల్లించే అలీపే యాప్‌లో మీ బ్యాంకు కార్డు ఇంటి దగ్గరే జోడించుకుని బయల్దేరండి.