సీనియర్ పేపర్ నాకే రివ్యూకి వస్తే?

"నాతో పీహెచ్‌డీ చేసిన సీనియర్ పేపరే రివ్యూకి వచ్చింది, మా మధ్య డబ్బు లావాదేవీలేం లేవు, ఒప్పుకోవచ్చా?" అని ఒకరు అడిగారు. రివ్యూ అంటే, పేపర్ అచ్చేసే ముందు జర్నల్ వాళ్లు అదే రంగంలోని వేరేవాళ్లతో దాని తప్పొప్పులు చూపించడం. ఒప్పుకోకండి. డబ్బు లేదు కదా అనుకునే నేనూ బోల్తా పడ్డాను.

నాది అగ్రికల్చర్. పీహెచ్‌డీ రోజుల్లో మా సీనియర్ అన్న ఒకాయన వేరుశనగ మీద ఒక జీవన ఎరువు ట్రయల్ వేశాడు. బస్తాలు కంపెనీ జీపులో వచ్చాయి, ఉచితంగా. దించిందీ నేనే, ప్లాట్లకు చీటీలు కట్టిందీ నేనే. ఎరువు వేయని కంట్రోల్ ప్లాట్లు మూడూ పొలం చివర చింతచెట్టు నీడలోకి పోయాయి. లాటరీ తీసి వేయాల్సిన ప్లాట్లు అన్నీ ఒక్కచోటికే ఎలా చేరాయన్నా అంటే, "ఎరువు వాటిలోకి కారకూడదు కదరా" అన్నాడు. చెట్టు నీడలో కాయ ఎలా వస్తుందో మా ఊరి రైతుకైనా తెలుసు.

ఐదేళ్ల తర్వాత ఫోన్. "తమ్ముడూ, జర్నల్ వాళ్లు రివ్యూయర్ల పేర్లు అడిగితే నీ పేరు కూడా ఇచ్చా. కాస్త చూడు." ఆ 'కాస్త చూడు'కి అర్థం నేను విడమర్చి చెప్పక్కర్లేదు. రెండు రోజులకు మెయిల్ వచ్చింది. తెరిస్తే అదే ట్రయల్. ప్లాట్లన్నీ ర్యాండమ్‌గా వేశామని రాసుకున్నారు. కంపెనీ బస్తాల ఊసే లేదు. చివర, రచయితలకు ఏ స్వప్రయోజనమూ లేదని ఒక వాక్యం.

ఆయన మా చెల్లి పెళ్లికి ముందురోజే వచ్చి, పంక్తిలో సాంబారు వడ్డించిన మనిషి. రిజెక్ట్ నొక్కడానికి చెయ్యి రాలేదు. రెండు స్పెల్లింగులు, ఒక టేబుల్ నంబరు దిద్దమని రాసి మైనర్ రివిజన్, అంటే చిన్న మార్పులు చాలు అని పంపేశాను. పేపర్ అచ్చయింది. ఆ ఎరువు కొన్న రైతులెవరో, ఎంతమందో నాకు తెలియదు, తెలుసుకునే ధైర్యమూ చేయలేదు.

ఈ స్వప్రయోజనాల విషయం వస్తే అందరూ బ్రిటన్ డాక్టర్ వేక్‌ఫీల్డ్ కథే చెబుతారు. 1998లో లాన్సెట్ అనే వైద్య జర్నల్‌లో 12 మంది పిల్లల మీద పేపర్, తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాలకు వేసే ఎంఎంఆర్ టీకాకు ఆటిజంతో ముడి పెట్టడం, టీకా కంపెనీల మీద కేసు నడిపే లాయర్ వైపు నుంచి ఆయనకు డబ్బు అందిందని 2004లో బ్రయన్ డీర్ అనే విలేఖరి బయటపెట్టడం, 2010లో లాన్సెట్ ఆ పేపర్‌ని వెనక్కి తీసుకోవడం. అంతా నిజమే. కానీ అంత పెద్ద కథ విన్నాక మనం శుద్ధపూసల్లా కనిపిస్తాం. మనకెవరిస్తారండీ లాయర్ల డబ్బు? మన దగ్గర నడిచేది మొహమాటం. వైద్య జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ (ఐసీఎంజేఈ) స్వప్రయోజనాల ఫారం గత 36 నెలల ఫీజులు, షేర్లే కాదు, ఆ పని అనుకున్నప్పటి నుంచి దానికి ఊరికే వచ్చిన సామగ్రి దాకా అడుగుతుంది. ఆ లెక్కన మా బస్తాలూ అందులోకి వస్తాయి. చివర 'ఇతర' అని ఒక గడి కూడా ఉంది. 'ఈయన మా చెల్లి పెళ్లిలో వడ్డించాడు' అని అందులో రాసినవాణ్ని నేనింకా చూడలేదు.

ఇంకో సంగతి. చెయ్యి పెట్టకపోయినా ప్రతి పేపర్ మీదా పేరుండే హెచ్‌ఓడీలు, 'నీ పేపర్‌లో నా ఐదు పేపర్లనూ ఉదహరించు' అనే రివ్యూయర్లు, వీళ్లది స్వప్రయోజనం కాదా? ప్రమోషన్ పాయింట్ల లెక్క ఉన్నన్నాళ్లూ ఇది పోదు. సరే, మళ్లీ మీ ప్రశ్నకి వస్తా.

డిక్లైన్ నొక్కి ఊరుకోకండి. ఎడిటర్‌కి ఒక్క లైను రాయండి: ఫలానా వాళ్లతో ఇన్నేళ్లు ఒకే ల్యాబ్‌లో పనిచేశాను, అందుకని చూడలేను. ఆ పని గురించి చింతచెట్టు లాంటి సంగతేదైనా మీకు తెలిస్తే అదీ చెప్పండి, ఎందుకంటే కొత్త రివ్యూయర్‌కి ఆ పొలం కనబడదు. అదే సీనియర్ ఇంకో పేపర్ వచ్చినప్పుడు నేను అలాగే రాశాను. రాసేటప్పుడు టెన్షన్‌తో చెమట పట్టింది. గంటలో ఎడిటర్ నుంచి థాంక్స్ అని జవాబు, వేరేవాళ్లకు పంపుతామని. ఆమెకి అది రోజూ ఉండే పనే.

అన్నకి నేనే ఫోన్ చేసి చెప్పాను. "చూడలేనని రాస్తే సరిపోయేది కదా, కారణం ఎందుకురా రాశావు?" అన్నాడు. అప్పటి నుంచి సంక్రాంతికి వాట్సాప్‌లో ఒక ముగ్గు బొమ్మ పంపుతాడు, అంతే.