ఆన్‌లైన్‌లో ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్: అక్క చేరొచ్చు, తమ్ముడు ఆగాలి

ప్రశ్న: మా అమ్మాయి మెకానికల్ ఇంజినీరింగ్ చదివి, పంపులు తయారుచేసే ఫ్యాక్టరీలో ఐదేళ్లుగా క్వాలిటీ ఇంజినీర్‌గా పనిచేస్తోంది. మా అబ్బాయి అదే బ్రాంచిలో చివరి ఏడాదిలో ఉన్నాడు. ఆన్‌లైన్‌లో ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ మాస్టర్స్‌కు మంచి డిమాండ్ ఉందని, ఇద్దరూ కలిసి చేరతామని అంటున్నారు. ఒకే బ్యాచ్ అయితే ఒకరికొకరు తోడుంటారు కదా అని నాకూ అనిపిస్తోంది. కానీ ఇంట్లో కూర్చుని చదివిన డిగ్రీకి విలువ ఇస్తారా? ఉద్యోగంలో పనికొస్తుందా? అదే టెన్షన్‌గా ఉంది. - ఒక తండ్రి

జవాబు: నమస్కారమండీ. ముందు నా అభిప్రాయం చెప్పేస్తాను. మీ అమ్మాయిని చేరమనండి, కింద చెప్పిన సంగతులు కొన్ని చూసుకున్నాక. మీ అబ్బాయిని మాత్రం ఇప్పుడే వద్దనండి. ఇద్దరూ చదివింది ఒకటే, చేరాలనుకుంటున్నదీ ఒకటే, మరి ఒకరికి అవును, ఒకరికి కాదు ఏమిటని మీకు అనిపించవచ్చు. ఈ కోర్సులో సగం పాఠం పుస్తకాల్లో ఉంటుంది. మిగతా సగం చదివేవాళ్లు పనిచేసే చోట ఉంటుంది. ఆ రెండో సగం మీ అమ్మాయి దగ్గర ఐదేళ్లుగా ఉంది. మీ అబ్బాయికి ఇంకా చేతికి రాలేదు.

డిమాండ్ అన్న మాట దగ్గరే చాలామంది పొరబడుతున్నారు. సీట్లకు డిమాండ్ ఉండటం వేరు, ఆ డిగ్రీ తెచ్చుకున్నవాళ్లకు డిమాండ్ ఉండటం వేరు. ప్రకటనల్లో కనిపించేది ఎక్కువగా మొదటిదే.

సీట్లకు డిమాండ్ ఎందుకు పెరిగిందో చూద్దాం. ఇంజినీర్లకు మేనేజ్‌మెంట్ నేర్పాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాలో మిస్సోరీ రాష్ట్రంలోని రోలా పట్టణంలో ఉన్న విశ్వవిద్యాలయం 1967లోనే దీనికోసం ప్రత్యేక విభాగం పెట్టింది. 1979లో అమెరికన్ సొసైటీ ఫర్ ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ ఏర్పడింది. అయితే ఈ చదువు అవసరమయ్యేది ఉద్యోగంలో నాలుగైదేళ్లు గడిచాక, కింద నలుగురిని చూసుకోవాల్సి వచ్చినప్పుడు. సరిగ్గా ఆ సమయంలో ఉద్యోగం మానేసి క్యాంపస్‌కు వెళ్లడం ఎవరికైనా కష్టం. జార్జియా టెక్ 2014లో కంప్యూటర్ సైన్స్ మాస్టర్స్‌ను భారీ ఎత్తున ఆన్‌లైన్‌లో పెట్టి, పేరున్న విశ్వవిద్యాలయం ఇలా కూడా పీజీ చెప్పగలదని చూపించింది. ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్‌లో ఇప్పుడు జాన్స్ హాప్కిన్స్, డ్యూక్, పర్డ్యూ, కొలరాడో బౌల్డర్ లాంటివి ఆన్‌లైన్ మాస్టర్స్ ఇస్తున్నాయి. పనిచేసుకుంటూ చదువుకునే వీలు దొరికింది కాబట్టి పనిచేసేవాళ్లే ఎక్కువగా వస్తున్నారు.

ఇక ఉద్యోగాల వైపు. అమెరికా కార్మిక శాఖ గణాంకాల విభాగం ఒక్కో ఉద్యోగానికి సాధారణంగా ఏ చదువు, ఎంత అనుభవం కావాలో ప్రకటిస్తుంటుంది. ఇంజినీరింగ్ మేనేజర్ ఉద్యోగానికి అందులో రాసింది మాస్టర్స్ కాదు. బ్యాచిలర్ డిగ్రీ, దానితోపాటు ఐదేళ్లు లేదా అంతకు మించిన అనుభవం. ఈ ఒక్క వరుస మీ పిల్లలిద్దరికీ చూపించండి. మేనేజర్ పదవికి తలుపు తీసేది అనుభవం. అదే అనుభవం ఉన్న పదిమందిలో ముందు నిలబడటానికి, పదవి వచ్చాక దాన్ని నిలబెట్టుకోవడానికి ఈ మాస్టర్స్ సాయపడుతుంది.

ఎలా సాయపడుతుందో ఒక ఉదాహరణతో చెబుతాను, ఎందుకంటే సిలబస్ చూస్తే ఇది అర్థం కాదు. ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్, ఇంజినీరింగ్ ఎకనామిక్స్, ఫైనాన్స్, స్టాటిస్టిక్స్, క్వాలిటీ, లీడర్‌షిప్ అని పేర్లు కనిపిస్తాయి, అంతే. నా దగ్గరికి సలహాకు వచ్చిన ఒక ఇంజినీర్ ఇలాగే ఉద్యోగం చేస్తూ చేరింది. స్టాటిస్టిక్స్ కోర్సులో కంట్రోల్ చార్ట్, అంటే కొలతలు మామూలు హద్దుల్లోనే ఉన్నాయో లేదో చుక్కలతో చూపే గ్రాఫ్, వేయమని అసైన్‌మెంట్ ఇచ్చారు. పుస్తకంలో ఇచ్చిన అంకెలు పక్కన పెట్టి, పై అధికారి అనుమతితో తన ప్రొడక్షన్ లైన్‌లో ఇరవై ఐదు రోజుల పాటు తీసిన బోర్ (భాగంలోని రంధ్రం) కొలతలు తీసుకుంది. రోజుకు ఒక్క సగటు చొప్పున చార్ట్ వేస్తే అన్నీ హద్దు గీతల మధ్యలోనే ఉన్నాయి. గంటల వారీగా విడదీసి మళ్లీ వేస్తే, గీత దాటిన చుక్కలన్నీ టూల్ మార్చిన తర్వాతి మొదటి గంటలోనే పడ్డాయి. అప్పటిదాకా ఆ రిజెక్షన్లను (కొలత తప్పి పక్కన పడేసే భాగాలను) అందరూ మెటీరియల్ మీదకు నెట్టేవారు. తర్వాతి సెమిస్టర్‌లో ఇంజినీరింగ్ ఎకనామిక్స్ వచ్చింది. టూల్ సెట్టింగ్‌కు ఒక చిన్న పరికరం కొంటే ఎన్ని నెలల్లో ఆ డబ్బు తిరిగి వస్తుందో లెక్క కట్టి, ఒకే ఒక్క పేజీలో పై అధికారికి ఇచ్చింది. ఆ మనిషి అప్పటికి ఐదేళ్లుగా అదే మీటింగుల్లో కూర్చుంటోంది. రిజెక్షన్ శాతం చెప్పి ఊరుకునేది. మొదటిసారి డబ్బు లెక్కతో మాట్లాడింది. పై వాళ్లు వినే భాష అదే.

ఈ చదువు అసలు ఇచ్చేది అదేనని నేను గట్టిగా నమ్ముతాను. మంచి ఇంజినీర్లు చాలామంది సమస్యను సరిగ్గా పట్టుకుంటారు, కానీ దాన్ని ఖర్చుగా, గడువుగా, రిస్కుగా మార్చి చెప్పలేక వెనకబడిపోతారు. వాళ్ల కంటే తక్కువ తెలిసినవాళ్లు పైకి వెళ్లిపోతుంటే చూసి బాధపడతారు. అలాంటి వాళ్లను చూసినప్పుడల్లా నాకు మనసు కలుక్కుమంటుంది.

ఎంబీఏ చేయొచ్చు కదా అని మీకు ఎవరైనా చెప్పే ఉంటారు. మీ అమ్మాయి ఇంజినీరింగ్ వదిలేసి ఫైనాన్స్‌కో మార్కెటింగ్‌కో వెళ్లాలనుకుంటే ఎంబీఏ. ఇంజినీర్ల మధ్యే ఉండి వాళ్లను నడిపించాలనుకుంటే ఇది. కేవలం ప్రాజెక్టులు నడిపే ఉద్యోగమే కావాలంటే పీఎంపీ (ప్రాజెక్ట్ మేనేజ్‌మెంట్ ప్రొఫెషనల్) సర్టిఫికెట్ త్వరగా అయిపోతుంది. నాలుగేళ్ల డిగ్రీ ఉన్నవాళ్లకు దానికి 36 నెలలు ప్రాజెక్టులు నడిపిన అనుభవం, 35 గంటల శిక్షణ అడుగుతారు.

ఇంట్లో కూర్చుని చదివిన డిగ్రీకి విలువ ఉంటుందా అని అడిగారు. ఎక్కడ కూర్చుని చదివారన్నదాన్ని బట్టి కాదు, ఎవరు చెప్పారు, ఎవరు దిద్దారు అన్నదాన్ని బట్టి విలువ ఉంటుంది. అందుకే చేరేముందు మీ అమ్మాయి అడ్మిషన్ ఆఫీసుకు ఒక ఈమెయిల్ పెట్టాలి. క్యాంపస్‌లో ఈ కోర్సు చెప్పే విభాగమే ఆన్‌లైన్‌లోనూ చెబుతుందా? పరీక్షలు ఎలా పెడతారు? అసైన్‌మెంట్లు దిద్దేదెవరు? సర్టిఫికెట్ మీద ఆన్‌లైన్ అని ప్రత్యేకంగా రాస్తారా? లైవ్ క్లాసులు ఉంటే ఏ దేశపు సమయం ప్రకారం? జవాబు రాతపూర్వకంగా రావాలి. ఫోన్లో చెప్పింది లెక్కలోకి తీసుకోవద్దు.

మరో ముఖ్యమైన సంగతి. పెద్ద విశ్వవిద్యాలయం పేరు, ముద్ర చూపించి అమ్మే కోర్సులు చాలా వరకు డిగ్రీలే కావు. ఎగ్జిక్యూటివ్ ప్రోగ్రామ్, అడ్వాన్స్‌డ్ సర్టిఫికెట్, ప్రొఫెషనల్ సర్టిఫికెట్ అని పేర్లు ఉంటాయి. అవి పనికిరావని కాదు, కానీ మాస్టర్స్ అనుకుని చేరితే మోసపోయినట్టే. అమెరికాలో ఈ మాస్టర్స్ చాలా చోట్ల 30 క్రెడిట్లు, అంటే పది కోర్సుల దాకా ఉంటుంది. కొన్ని నెలల్లో అయిపోతుందని ఎవరైనా చెబితే అది డిగ్రీయేనా అని మళ్లీ అడగండి. నా దగ్గరికి వచ్చిన ఒక కుర్రాడికి ఒక ఏజెన్సీ వాళ్లు రోజుకు మూడుసార్లు ఫోన్ చేసి, ఈ రాత్రికే సీట్లు అయిపోతాయని తొందరపెట్టి ఫీజు కట్టించుకున్నారు. చివరికి అతని చేతికి వచ్చింది సర్టిఫికెట్. ఇప్పటికీ ఇంట్లోవాళ్లకు ఆ విషయం చెప్పలేదు పాపం.

ఇంకో అనుమానం ముందే తీర్చేస్తాను. అమెరికా విశ్వవిద్యాలయాల గురించి వెతికితే, ఇంజినీరింగ్ కోర్సులకు గుర్తింపు ఇచ్చే అబెట్ సంస్థ పేరు కనిపిస్తుంది. ఆ సంస్థ ఎక్కువగా చూసేది బ్యాచిలర్ డిగ్రీలను. మాస్టర్స్‌కు ఆ గుర్తింపు లేదని కంగారు పడొద్దు. విశ్వవిద్యాలయానికి మొత్తంగా గుర్తింపు ఉందా లేదా అన్నది మొదట చూడాలి. పైన చెప్పిన ఇంజినీరింగ్ మేనేజ్‌మెంట్ సొసైటీ కొన్ని మాస్టర్స్ కోర్సులను పరిశీలించి ధ్రువీకరణ ఇస్తుంది. అది ఉంటే ఇంకా మంచిది. రేపు మీ అమ్మాయి ప్రభుత్వ ఉద్యోగానికో పీహెచ్‌డీకో వెళ్లాలనుకుంటే, అక్కడి అధికారులు వేరే దేశపు ఆన్‌లైన్ డిగ్రీని ఒప్పుకుంటారో లేదో ముందే తెలుసుకోవాలి. దేశాన్ని బట్టి నియమం మారుతుంది.

విదేశం వెళ్లడానికి ఇది దారి అనుకుంటే మాత్రం ఆ ఆశ ఇక్కడే వదిలేయమనండి. అమెరికా ఎఫ్-1 విద్యార్థి వీసా నియమాల్లో, సెమిస్టర్‌కు ఒక్క ఆన్‌లైన్ కోర్సును మించి ఫుల్‌టైమ్ చదువు కింద లెక్కలోకి తీసుకోరు. పూర్తిగా ఆన్‌లైన్ డిగ్రీతో ఆ వీసా రాదు, చదువయ్యాక అక్కడ పనిచేసే అవకాశమూ రాదు.

మీ అమ్మాయి చేరాలని నిర్ణయించుకుంటే ఒకేసారి మొత్తం డిగ్రీకి ఫీజు కట్టొద్దు. కొలరాడో బౌల్డర్ లాంటి చోట్ల మొదట కొన్ని కోర్సులు చదివి, అనుకున్న గ్రేడు తెచ్చుకుంటే డిగ్రీలోకి తీసుకునే పద్ధతి ఉంది. పాత మార్కుల జాబితా కూడా అడగరు. ఇలాంటి పద్ధతి లేని చోట కూడా చాలా విశ్వవిద్యాలయాలు ఒకటి రెండు కోర్సులు విడిగా చదవనిస్తాయి, తర్వాత చేరితే ఆ క్రెడిట్లు కలుపుతారా అని అడగాలి. ఒక్క కోర్సుతో మొదలుపెట్టి, డ్యూటీ అయ్యాక వారానికి పది పన్నెండు గంటలు నిజంగా దొరుకుతున్నాయో లేదో చూసుకోమనండి. రాత్రి తొమ్మిదికి ల్యాప్‌టాప్ తెరిచేసరికి కళ్లు మూసుకుపోతుంటే, టర్ముకు ఒక్క కోర్సుకు మించి వద్దు. మూడేళ్లు పట్టినా పర్వాలేదు. ఫ్యాక్టరీలో ఆడిట్ల కాలం ఆమెకు తెలుసు కదా, ఆ నెలల్లో కోర్సు పెట్టుకోకూడదు. ఫీజులో కొంత కంపెనీ ఇస్తుందేమో హెచ్‌ఆర్‌ను అడగాలి. ఇస్తే, చదువయ్యాక ఎన్నాళ్లు అక్కడే ఉండాలన్న షరతు చదివాకే సంతకం పెట్టాలి.

ఫీజు కట్టేముందు మరో పని ఉంది, అందరూ దాటేసేది ఇదే. తన పై అధికారితో ఒక అరగంట కూర్చుని సూటిగా అడగాలి: రెండేళ్లలో టీమ్ లీడ్ కావాలంటే నాలో ఏం తక్కువుంది? చదువు అంటే చేరాలి. ఆయన వేరే లైన్ అనుభవం అనో, కస్టమర్లతో మాట్లాడటం అనో అంటే, ముందు ఆ పని అడిగి తీసుకోవాలి. డిగ్రీ ఆరు నెలలు ఆగితే పోయేదేమీ లేదు.

ఇక మీ అబ్బాయి. అతన్ని వద్దంటున్నది తెలివి తక్కువని కాదు. అప్పుడే చదువు ముగించినవాళ్లను కూడా చేర్చుకునే విశ్వవిద్యాలయాలు ఉన్నాయి, సీటు దొరకొచ్చు. కానీ క్లాసులో మిగతావాళ్లు మా సప్లయర్ ఇలా చేశాడు, మా ప్రాజెక్ట్ ఇక్కడ ఆగింది అని మాట్లాడుతుంటే, అతను వినడమే తప్ప చెప్పడానికి ఏమీ ఉండదు. పూర్తయ్యాక ఇంటర్వ్యూలో ఎంతమందిని నడిపించావని అడుగుతారు. ఉద్యోగానుభవం లేకుండా మేనేజ్‌మెంట్ డిగ్రీ చూపిస్తే, టెక్నికల్ పోస్టుకు ఇతనికి ఇష్టం లేదేమో అనుకుంటారు, మేనేజర్ పోస్టుకు చిన్నవాడంటారు. మధ్యలో ఇరుక్కుంటాడు. ప్రొడక్షన్‌లోనో సైట్‌లోనో మెయింటెనెన్స్‌లోనో ఉద్యోగం తెచ్చుకుని మూడేళ్లు చెమటోడ్చనివ్వండి. ఇప్పుడే మాస్టర్స్ చేయాలని పట్టుపడితే, తనకు నచ్చిన టెక్నికల్ సబ్జెక్టులో ఫుల్‌టైమ్ చేయమనండి.

ఒకరికొకరు తోడుంటారన్న మీ ఆలోచన మాత్రం నాకు నచ్చింది. దానికి ఒకే బ్యాచ్ అక్కర్లేదు. మీ అమ్మాయి చదువుకునేటప్పుడు ఆదివారం ఒక గంట తమ్ముణ్ని పక్కన కూర్చోబెట్టుకోమనండి. అసైన్‌మెంట్ ఆమే చేయాలి, అతను చేసిపెట్టకూడదు. కానీ చార్ట్ మీద ఆ చుక్క గీత ఎందుకు దాటిందో అతనికి వివరించి చెప్పే ప్రయత్నం చేస్తే ఆమెకు పాఠం గట్టిపడుతుంది. అతనికేమో, ఉద్యోగంలో చేరిన మొదటి వారం లైన్ పక్కన నిలబడ్డప్పుడు దేన్ని గమనించాలో తెలుస్తుంది.