మౌస్ దానంతటదే కదిలితే హ్యాకింగేనా?

ఈసారి ఉత్తరాల్లో చాలామటుకు 'నా కంప్యూటర్ హ్యాక్ అయిందా' అన్న ఒకే భయం చుట్టూ తిరిగాయి. వాటిలో నాలుగింటికి ఇక్కడ జవాబిస్తున్నాను.

ప్రశ్న: నేను రిటైరైన లెక్కల టీచర్ని. నా ల్యాప్‌టాప్‌లో మౌస్ బాణం దానంతటదే పక్కకి జారిపోతోంది. నేను లేచి వెళ్లాక ఫ్యాన్ రొద పెడుతుంది, వచ్చి కూర్చోగానే ఆగిపోతుంది. ఎవరో నన్ను గమనిస్తున్నారనిపించి కెమెరా మీద కాగితం అంటించాను. మా అబ్బాయి 'నీకన్నీ అనుమానాలే' అంటాడు. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు.

జవాబు: టీచర్‌గారూ, ముందు మీ అబ్బాయికి ఒక మాట. బాబూ, అమ్మ చూసింది నిజమే. బాణం కదిలింది, ఫ్యాన్ తిరిగింది. ఎందుకన్నదే తేలాలి. అనుమానమని కొట్టిపారేస్తే ఆవిడ భయం పోదు, నీకు చెప్పడం మానేస్తుందంతే.

టీచర్‌గారూ, మీ భయం గాల్లోంచి పుట్టింది కాదు. 1998లో నెట్‌బస్ అనే ప్రోగ్రామ్ వచ్చింది. అది మీ కంప్యూటర్‌లో చేరితే ఎక్కడో కూర్చున్న మనిషి మీ మౌస్ కదిలించొచ్చు, సీడీ ట్రే తెరవొచ్చు. అలాంటివి విన్నవాళ్లకి హ్యాకింగ్ అంటే అదే కళ్లముందు కదలడం సహజం. కానీ ఇవాళ దొంగకి కావలసింది మీ డబ్బు, మీ పాస్‌వర్డ్‌లు. మీరు చూస్తుండగా బాణం కదిపి మిమ్మల్ని హెచ్చరించడం వాడికే నష్టం.

అయినా నా మాట మీద నమ్మొద్దు, పరీక్ష చేసి చూడండి. వైఫై, బ్లూటూత్ ఆపండి, ఇంటర్నెట్ తీగ ఉంటే పీకేయండి. విడిగా మౌస్ వాడుతుంటే దాన్నీ తీసేయండి. అప్పుడూ బాణం జారుతుంటే దాన్ని బయటినుంచి ఎవరూ కదపడం లేదు. తర్వాత అది ఎలా కదులుతోందో గమనించండి. ఒకే వైపుకి మెల్లగా జారడం, ఉన్నచోటే వణకడం యంత్రం లోపాలు. చార్జర్ పెట్టినప్పుడే వణికితే అది తీసి చూడండి, ఎర్తింగ్ సరిగా లేని కరెంటు టచ్‌ప్యాడ్‌ని తికమక పెడుతుంది. అలా కాక, బాణం తిన్నగా ఒక మెనూ దగ్గరికి వెళ్లి, దాన్ని తెరిచి, అందులో ఒకటి ఎంచుకుని నొక్కితే అది మనిషి పని. అప్పుడు ఇంటర్నెట్ ఆపేసి, వెంటనే తెలిసినవాళ్ల చేత చూపించండి.

ఇంకొకటి తప్పకుండా చూడమని మిమ్మల్ని బతిమాలుతున్నాను. ల్యాప్‌టాప్‌ని ఆపి, మూసి, చదునైన బల్ల మీద పెట్టండి. మూలల్ని వేలితో మెల్లగా తాకండి. ఊగుతోందా? మూత తెరిస్తే టచ్‌ప్యాడ్ ఒక పక్క పైకి లేచినట్టుందా? క్లిక్ మునుపటికన్నా గట్టిపడిందా? అయితే లోపల బ్యాటరీ ఉబ్బి టచ్‌ప్యాడ్‌ని కిందినుంచి తోస్తోంది. నా బల్ల మీదకి వచ్చే 'హ్యాక్ అయిన' ల్యాప్‌టాప్‌లలో ఈ రకానివి ఉంటూనే ఉంటాయి. ఇది హ్యాకర్ కన్నా ముందు భయపడాల్సిన సంగతి, ఎందుకంటే ఉబ్బిన లిథియం బ్యాటరీ అంటుకోవచ్చు. మళ్లీ చార్జింగ్ పెట్టకండి, ఆన్ చేయకండి, బ్యాటరీ మార్పించండి.

ఇక ఫ్యాన్ సంగతి. మీరు లేచి వెళ్లేదాకా ఆగి, అప్పుడే విండోస్ ఇంటిపనులు మొదలుపెడుతుంది: వైరస్ స్కాన్, ఫైళ్ల సూచిక తయారీ, అప్‌డేట్లు. మీరు తిరిగొచ్చి మౌస్ ముట్టుకోగానే పక్కన పెట్టేస్తుంది. 'నన్ను చూసి ఆగింది' అనిపించేది అందుకే. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో 'యాంటీమాల్‌వేర్ సర్వీస్ ఎగ్జిక్యూటబుల్' అన్న పేరు చూసి కంగారు పడొద్దు, అది విండోస్ సొంత కాపలాదారు. 'సర్వీస్ హోస్ట్' పేరుతో డజన్ల కొద్దీ వరుసలుండటమూ మామూలే.

ఒక్క మినహాయింపు ఉంది. మీ కంప్యూటర్‌తో దొంగతనంగా క్రిప్టో నాణేలు తవ్వించుకునే ప్రోగ్రామ్‌లున్నాయి. వాటిలో కొన్ని టాస్క్ మేనేజర్ తెరవగానే నక్కుతాయి. కాబట్టి దాన్ని తెరిచే ఉంచి లేచి వెళ్లండి. తెరిచి ఉన్నంతసేపూ ఫ్యాన్ నిశ్శబ్దంగా ఉండి, మూసినప్పుడల్లా రొద మొదలవుతుంటే విండోస్ సెక్యూరిటీలో 'ఆఫ్‌లైన్ స్కాన్' నడపండి. అది కంప్యూటర్‌ని ఆపి, విండోస్ లేవకముందే వెతుకుతుంది.

కెమెరా మీద కాగితం అలాగే ఉండనివ్వండి. దానివల్ల నిద్ర పడుతుందంటే అంతకన్నా ఏం కావాలి?

ప్రశ్న: ఏ వెబ్‌సైట్ తెరిచినా 'మీ కనెక్షన్ ప్రైవేట్ కాదు' అని వస్తోంది. బ్యాంకు సైటు కూడా అంతే. మా వైఫైలో ఎవరైనా చొరబడ్డారా?

జవాబు: స్క్రీన్ కింద మూలన గడియారం చూడండి. తేదీ ఏళ్ల వెనక్కి పోయి ఉంటే దొంగ దొరికినట్టే. వెబ్‌సైట్ అసలైనదేనని చెప్పే గుర్తింపు కార్డు లాంటిది సర్టిఫికెట్. ప్రతి సర్టిఫికెట్‌కీ మొదలయ్యే తేదీ, ముగిసే తేదీ ఉంటాయి. మీ కంప్యూటర్ వేరే సంవత్సరంలో ఉంటే అవేవీ చెల్లవు. మదర్‌బోర్డు మీద సీఆర్ 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కంప్యూటర్ ఆపినా గడియారం నడిపించేది అదే. అయిపోయింది, మార్పించండి. తేదీ సరిగ్గానే ఉండి, ఒకే ఒక్క వైఫైలో ఈ హెచ్చరిక వస్తుంటే మాత్రం ఆ వైఫైలో పాస్‌వర్డ్ కొట్టకండి.

ప్రశ్న: సాఫ్ట్‌వేర్ కంపెనీ నుంచి అంటూ ఒకతను ఫోన్ చేశాడు. మా కంప్యూటర్‌లో వైరస్ ఉందని ఈవెంట్ వ్యూయర్ తెరిపించి వరసగా ఎర్ర గుర్తులు చూపించాడు. ఏదో యాప్ వేయించి తనే బాగుచేశాడు. అప్పటినుంచి కంప్యూటర్ చక్కగా నడుస్తోంది. మా ఆడపడుచు మాత్రం ఖాతాలు చూసుకోమని పోరుతోంది. అవసరమా?

జవాబు: అవసరమే అమ్మా, ఈ పేజీ పక్కన పెట్టి ఇప్పుడే మొదలుపెట్టండి. ఈసారి నన్ను నిజంగా కలవరపెట్టిన ఉత్తరం మీదే. ఈవెంట్ వ్యూయర్ ఒక దినచర్య పుస్తకం, అంతే. ఏదో సర్వీస్ మొదలవడం కాస్త ఆలస్యమైనా అందులో ఎర్ర గుర్తు పడుతుంది. నిక్షేపంగా ఉన్న నా కంప్యూటర్‌లోనూ అవి బోలెడున్నాయి. మీకు జబ్బు ఉందని నమ్మించడానికి అతను వాటిని వాడుకున్నాడు. తామే ముందుగా ఫోన్ చేసి రిపేరు చేస్తామనడం, ఎర్రర్ సందేశంలో ఫోన్ నంబరు పెట్టడం తాము చేయమని మైక్రోసాఫ్ట్ స్పష్టంగా చెబుతుంది.

ఆ కంప్యూటర్‌కి ఇంటర్నెట్ తీసేయండి. వేరే ఫోన్ నుంచి ముందుగా ఈమెయిల్ పాస్‌వర్డ్ మార్చండి. మిగతా ఖాతాల తాళాలన్నీ అక్కడికే వస్తాయి కాబట్టి అది ముందు. అన్ని పరికరాల నుంచీ సైన్ అవుట్ చేయండి. తర్వాత బ్యాంకు. కార్డు వెనక ఉన్న నంబరుకే చేయండి, అతనిచ్చిన నంబరుకి కాదు. అతను వేయించిన యాప్ తీసేయించండి. వీలైతే ఫైళ్లు దాచుకుని విండోస్ మళ్లీ కొత్తగా వేయించండి. నేనైతే ఆ పని చేయకుండా వదలను.

చక్కగా నడుస్తోందన్నారు. దానిమీద భరోసా పెట్టుకోకండి. 1986లో అమెరికాలోని లారెన్స్ బర్క్‌లీ ల్యాబొరేటరీలో కంప్యూటర్ వాడకం లెక్కల్లో 75 సెంట్ల తేడా వచ్చింది. చూస్తే లెక్కల ప్రోగ్రామ్‌లో చిన్న తప్పనిపించేదే. కారణం వెతకమని అక్కడే పనిచేసే క్లిఫర్డ్ స్టోల్‌కి అప్పగించారు. ఆయన ఆ తేడాని వదలకుండా తవ్వుకుంటూ పోతే చివరికి జర్మనీలో కూర్చుని సైనిక సమాచారం దొంగిలించి సోవియట్ గూఢచారి సంస్థ కేజీబీకి అమ్ముతున్న ఒక హ్యాకర్ తేలాడు. చొరబాటుని పట్టిచ్చింది కంప్యూటర్ మొరాయించడం కాదు, పద్దులో తేడా.

మీరూ పద్దులే చూడండి. జీమెయిల్ అయితే సెట్టింగ్స్‌లో మీకు తెలియని చిరునామాకి ఉత్తరాలు ఫార్వర్డ్ అవుతున్నాయా? బ్యాంకు మెయిళ్లు మీ కంటపడకుండా తొలగించే ఫిల్టర్ ఎవరైనా పెట్టారా? రికవరీ ఫోన్ నంబరు మీదేనా? లాగిన్ అయి ఉన్న పరికరాల జాబితాలో మీవి కానివి ఉన్నాయా? ఊరి పేరు ఒక్కటే తేడాగా కనిపిస్తే బెంబేలెత్తకండి, ఇంటర్నెట్ కంపెనీ అడ్రసు వేరే చోట నమోదై ఉండొచ్చు. తెలియని పరికరం, మీరు నిద్రపోయే వేళకి లాగిన్, అడగకుండా వచ్చిన ఓటీపీ ఉంటే మాత్రం అసలు సంగతి అదే.

ప్రశ్న: నా ఈమెయిల్ నుంచే నాకు మెయిల్ వచ్చింది. నా పాత పాస్‌వర్డ్ రాసి, 'నీ కెమెరాలో వీడియో తీశాను, డబ్బు పంపకపోతే అందరికీ పంపుతా' అన్నారు. ఎవరికీ చెప్పుకోలేకపోతున్నాను.

జవాబు: చెప్పుకున్నారు కదా, మంచి పని చేశారు. పంపినవారి స్థానంలో ఎవరి చిరునామా అయినా రాసేయొచ్చు. మీ పెట్టెలోకి దూరాల్సిన పనే లేదు. పాత పాస్‌వర్డ్ ఎప్పుడో ఏదో వెబ్‌సైట్ నుంచి బయటపడ్డ జాబితాలోది అయ్యుంటుంది. కంప్యూటర్ భద్రతా నిపుణుడు ట్రాయ్ హంట్ 2013లో మొదలుపెట్టిన 'హ్యావ్ ఐ బీన్ ప్వోన్డ్' సైటులో మీ మెయిల్ చిరునామా కొడితే అది ఏయే లీకుల్లో ఉందో చూపిస్తుంది. ఇదే ఉత్తరం చిరునామా, పాస్‌వర్డ్ తప్ప అక్షరం మారకుండా వేలమందికి వెళుతుంది. జవాబివ్వకండి, పైసా పంపకండి. ఆ పాస్‌వర్డ్ ఇంకా ఎక్కడైనా వాడుతుంటే మాత్రం ఇవాళే మార్చి, రెండంచెల లాగిన్ (పాస్‌వర్డ్‌తో పాటు ఇంకో కోడ్ కూడా అడిగేది) పెట్టుకోండి.