కంపెనీ డిపాజిట్ చేసిన డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్ కేసు పోతుందా?

ప్రశ్న: మాది చిత్తూరు. మా ఆయన ఇక్కడి మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో వ్యాన్ డ్రైవరు. వయసు 38, జీతం బ్యాంకు ద్వారా నెలకు రూ.22,500. 2025 ఆగస్టులో డ్యూటీలో ఉండగా వేలూరు వైపు వెళ్తుంటే, రాత్రిపూట లైట్లు లేకుండా రోడ్డు మీద నిలిపిన లారీకి వ్యాన్ తగిలింది. వేలూరులో ఆరు రోజులు వైద్యం చేసినా దక్కలేదు. ఆస్పత్రి ఖర్చు రూ.4.5 లక్షలు అయితే కంపెనీ గ్రూప్ ఇన్సూరెన్స్ 3.4 లక్షలు కట్టింది. అంత్యక్రియలకు కంపెనీ లక్ష ఇచ్చింది. ఎల్‌ఐసీ నుంచి 5 లక్షలు, సురక్షా బీమా నుంచి 2 లక్షలు, పీఎఫ్ వచ్చాయి. లేబర్ ఆఫీసులో పద్నాలుగు లక్షల చిల్లర వస్తుంది, సంతకం పెట్టమని కంపెనీ అంటోంది. లాయరు ట్రిబ్యునల్‌లో వేద్దామంటున్నారు. తిరుపతిలో ఉంటున్న మా అత్తగారు వేరే కేసు వేస్తానంటున్నారు. అన్నీ తీసుకుంటే తర్వాత వెనక్కి కట్టమంటారా? ఇద్దరు పిల్లలున్నారు.

జవాబు: అమ్మా, ముందుగా ఒక మాట. లాయరు చదవకుండా కంపెనీ తెచ్చిన ఏ కాగితం మీదా సంతకం పెట్టకండి. మీ కేసులో డబ్బు పోయే ప్రమాదం కోర్టులో కన్నా ఆ సంతకం దగ్గరే ఎక్కువ.

ఒకే నష్టానికి రెండుసార్లు పరిహారం ఇవ్వకూడదన్నది చట్టం ఉద్దేశం. అలాగని ఒక చావు తర్వాత ఇంటికి వచ్చిన ప్రతి రూపాయినీ తీసివేయరు. ప్రతి మొత్తం దగ్గరా అది ఎందుకు వచ్చిందో చూడాలి. మీ ఆయన ప్రీమియం కట్టినందుకో, ఉద్యోగం చేసి సంపాదించుకున్నందుకో వచ్చినదైతే అది మీదే. ప్రమాదంలో పోయిన జీతానికి బదులుగా చట్టం ఇప్పించినదైతే ఒక్కసారే వస్తుంది.

ఎల్‌ఐసీ, సురక్షా బీమా, పీఎఫ్, వితంతు పింఛను మొదటి రకం. 1998లో హెలెన్ రెబెల్లో కేసులో, 2013లో విమల్ కన్వర్ కేసులో సుప్రీంకోర్టు ఇలాంటి వాటిని పరిహారంలోంచి తీసివేయకూడదని చెప్పింది. పీఎఫ్‌తో పాటు వచ్చే ఈడీఎల్‌ఐ బీమా (గరిష్ఠంగా 7 లక్షలు) గురించి మీరు రాయలేదు. తీసుకోకపోతే పీఎఫ్ ఆఫీసులో వెంటనే అడగండి. అయితే చనిపోయిన ఉద్యోగి జీతాన్నే కుటుంబానికి కొన్నేళ్లు ఇచ్చే పథకం ఉంటే ఆ మేరకు తీసివేయాలని 2016లో శశి శర్మ కేసులో తేల్చారు. హర్యానా ప్రభుత్వ ఉద్యోగుల పథకం గురించిన తీర్పు అది. మీ కంపెనీ నెలనెలా కొంత ఇస్తానంటే, ఏ పేరుతో ఇస్తోందో రాతపూర్వకంగా తీసుకోండి.

ఇక అసలు చిక్కు. డ్యూటీలో జరిగిన రోడ్డు ప్రమాదానికి రెండు దారులున్నాయి: ఉద్యోగుల నష్టపరిహార చట్టం కింద లేబర్ కమిషనర్ దగ్గరికి వెళ్లొచ్చు, మోటారు వాహనాల చట్టం కింద ట్రిబ్యునల్‌కీ వెళ్లొచ్చు. ఏదో ఒకటే ఎంచుకోవాలని మోటారు వాహనాల చట్టం 167వ సెక్షన్ చెబుతుంది. మీ ప్రమాదం ఆగస్టుది కాబట్టి 1923 నాటి పాత చట్టమే వర్తిస్తుంది. 2025 నవంబర్ 21 నుంచి దాని స్థానంలో సామాజిక భద్రతా కోడ్ వచ్చింది.

కమిషనర్ దగ్గర లెక్క సూటిగా ఉంటుంది. జీతం ఎంతున్నా నెలకు రూ.15,000 వరకే లెక్కిస్తారు. అందులో సగం 7,500. 38 ఏళ్ల వయసుకు పట్టికలో ఉన్న అంకె 189.56. గుణిస్తే రూ.14,21,700. కంపెనీ చెబుతున్నది ఈ మొత్తమే. ఇక్కడ తప్పెవరిదని అడగరు.

ట్రిబ్యునల్ లెక్క వేరు. 22,500కు భవిష్యత్ పెరుగుదల కింద 40 శాతం కలిపితే 31,500. మీరు, ఇద్దరు పిల్లలు, అత్తగారు కలిసి నలుగురు ఆధారితులు కాబట్టి ఆయన సొంత ఖర్చుకు నాలుగో వంతు తీసేస్తే 23,625. ఏడాదికి 2,83,500. 36 నుంచి 40 ఏళ్లకు గుణకం 15. మొత్తం రూ.42,52,500. అంత్యక్రియలు, ఆస్తి నష్టం, కుటుంబ సాహచర్యం కింద ఇచ్చేవి కలిపితే సుమారు 44.5 లక్షలు అవుతుంది.

ఇక్కడ మాత్రం తప్పెవరిదో చూస్తారు. నిలిపి ఉన్న లారీని వెనక నుంచి గుద్దిన కేసుల్లో లారీ బీమా కంపెనీ మొదట చేసే వాదన, వ్యాన్ డ్రైవరుదే తప్పని. సగం తప్పు ఆయనదని తేలితే చేతికొచ్చేది 22 లక్షల పైచిలుకు. అదీ 14.2 లక్షల కన్నా ఎక్కువే. ఆయన వాటా మూడింట రెండు వంతులు దాటిందంటే మాత్రం కమిషనర్ దారే మేలు. అందుకే వేలూరు పోలీసుల ఎఫ్‌ఐఆర్, ఘటనాస్థలి స్కెచ్, ఛార్జిషీటు చేతికి రాకముందే దారి ఎంచుకోకండి. పార్కింగ్ లైట్లు లేవని, హెచ్చరిక త్రికోణం పెట్టలేదని ఆ కాగితాల్లో ఎక్కడైనా ఉందేమో లాయరుతో ఒక్కో లైను చదివించండి. లారీ డ్రైవరు మీద కేసు పెట్టారా, చనిపోయిన మీ ఆయన మీదే పెట్టారా అన్నది అన్నిటికన్నా ముఖ్యం.

కంపెనీ ఇస్తానన్న డబ్బు వదులుకోనక్కర్లేదు. మరణ పరిహారాన్ని యజమాని తనంతట తాను కమిషనర్ దగ్గర డిపాజిట్ చేయాలని ఉద్యోగుల నష్టపరిహార చట్టం 8వ సెక్షన్ చెబుతుంది. అలా చేసినప్పుడు, కుటుంబం దరఖాస్తు పెట్టకుండా ఆ డబ్బు తీసుకుంటే, అది దారి ఎంచుకున్నట్టు కాదని 2013లో ద్యామవ్వ కేసులో సుప్రీంకోర్టు తీర్పు. ట్రిబ్యునల్ కేసు నిలిచింది, తీసుకున్న మొత్తాన్ని అవార్డులోంచి, అంటే ట్రిబ్యునల్ ఇప్పించిన పరిహారంలోంచి, తగ్గించారు. మీరే పరిహారం కోరుతూ దరఖాస్తు పెడితే మాత్రం మస్తాన్ కేసులో సుప్రీంకోర్టు చెప్పినట్టు రెండో దారి మూసుకుపోతుంది.

కాబట్టి కంపెనీతో చెప్పాల్సింది ఇది: డిపాజిట్ మీరే చేయండి, దరఖాస్తు నేను పెట్టను. కమిషనర్ నోటీసు వచ్చాక హాజరై తీసుకోండి. ‘ఇక ఏ క్లెయిమూ లేదు’ అనే వాక్యం ఉన్న రశీదు మీద సంతకం వద్దు. డబ్బు నేరుగా మీ చేతికి ఇస్తామన్నా ఒప్పుకోకండి. కమిషనర్ ద్వారా రాని మరణ పరిహారం చట్టం లెక్కలోకి రాదు, తర్వాత మీకూ కంపెనీకీ గొడవ.

అంత్యక్రియలకు ఇచ్చిన లక్ష సంగతి కూడా చూడండి. ఆ వోచరు మీద ‘సహాయం’ అని ఉందా, ‘పరిహారం అడ్వాన్సు’ అని ఉందా? అడ్వాన్సు అయితే మూడు నెలల జీతం మేరకు, అంటే మీ విషయంలో 67,500 దాకా, కమిషనర్ మినహాయించి కంపెనీకి తిరిగి ఇవ్వవచ్చు.

మీ ఆయన జీతం చీటీలో ఈఎస్‌ఐ కోత ఉందేమో ఒకసారి చూడండి. జీతం 21,000 దాటింది, గ్రూప్ ఇన్సూరెన్స్ ఉంది కాబట్టి లేదనే అనుకుంటున్నాను. ఉంటే మాత్రం కంపెనీ నుంచి ఈ 14 లక్షలు అడిగే హక్కు ఉండదు, దాని బదులు ఈఎస్‌ఐ నుంచి నెలనెలా ఆధారితుల పింఛను వస్తుంది. అప్పుడు నాకు మళ్లీ రాయండి, లెక్క మొదటినుంచి వేయాలి.

ఆస్పత్రి బిల్లుల విషయంలో 4.5 లక్షలూ ఇంటి ఖర్చేనని చూపించవద్దు. మీరు కట్టిన 1.1 లక్షలు ఒక కాగితం మీద, ఇన్సూరెన్స్ కట్టిన 3.4 లక్షలు ఇంకో కాగితం మీద వేయండి. ఇన్సూరెన్స్ కట్టినదాన్ని తీసివేయకూడదని బాంబే హైకోర్టు ఫుల్ బెంచ్ 2025 మార్చిలో చెప్పింది, తీసివేయాలని కర్ణాటక హైకోర్టు తీర్పు ఉంది. పైగా మీ పాలసీ ప్రీమియం కట్టింది కంపెనీ. లాయరు రెండూ అడగొచ్చు, కానీ మీరు ఇంటి లెక్కలో 1.1 లక్షలే వేసుకోండి. ఒరిజినల్ బిల్లులు ఇన్సూరెన్స్ వాళ్ల దగ్గరుంటే ధ్రువీకరించిన నకళ్లు తెప్పించండి.

అత్తగారి వేరే కేసు గురించి గట్టిగా చెబుతున్నాను, వద్దు. ఒక మరణానికి ఒకే పిటిషన్, అందులో వారసులందరూ ఉండాలి. ఆమె కలవనంటే ఆమెను ప్రతివాదిగా చేర్చాలి, వదిలేయకూడదు. ఆమె వాటా ఎలాగూ ట్రిబ్యునలే నిర్ణయిస్తుంది, బిడ్డను పోగొట్టుకున్నందుకు ఆమెకు విడిగా కూడా వస్తుంది. ఈ మాట ఆమెకు కూర్చోబెట్టి చెబితే చాలావరకు తగువు తీరుతుంది. తిరుపతిలో ఒకటి, చిత్తూరులో ఒకటి నడిస్తే బీమా కంపెనీ ఆ సాకుతో రెండిటినీ వాయిదాల్లో పెడుతుంది.

మూడో కేసు మీకు తెలియకుండానే ఉండొచ్చు. 2022 నిబంధనల ప్రకారం ప్రమాదంపై పోలీసులు ట్రిబ్యునల్‌కు సవివర నివేదిక పంపాలి, దాన్నే క్లెయిముగా తీసుకోవచ్చు. ప్రమాదం తమిళనాడు వైపు జరిగింది కాబట్టి అది వేలూరుకు వెళ్లి ఉండొచ్చు. చిత్తూరులో ఉంటున్నారు కాబట్టి ఇక్కడ వేసే హక్కు మీకుంది. కానీ వేర్వేరు హైకోర్టుల పరిధిలో రెండు పడితే ముందు పడినదే కొనసాగాలని 2022 డిసెంబరులో గోహర్ మహమ్మద్ కేసులో చెప్పారు. వేలూరు స్టేషన్‌లో నివేదిక వెళ్లిందా, ఏ నంబరుతో వెళ్లిందో కనుక్కున్నాకే ఇక్కడ వేయించండి. అలాగని ఆలస్యం చేయకండి. 2022 ఏప్రిల్ నుంచి ట్రిబ్యునల్ పిటిషన్‌కు ఆరు నెలల గడువు ఉంది, మీకు ఫిబ్రవరిలో నిండుతుంది.

కమిషనర్ దగ్గర తీసుకున్న మొత్తం, తేదీ, ఆర్డరు నంబరు పిటిషన్‌లోనే రాయించండి. చెప్పి తీసుకుంటే ఆ 14.2 లక్షలు తగ్గుతాయి, అంతే. దాచి, వేరే క్లెయిము లేదని అఫిడవిట్ ఇస్తే మాత్రం మీ మిగతా సాక్ష్యాన్నీ నమ్మరు. బీమా కంపెనీకి ఆ రికార్డు తీయడం కష్టమేమీ కాదు.

డబ్బు వాడకం సంగతి. ఎల్‌ఐసీ, సురక్షా బీమా, పీఎఫ్ డబ్బు ఎవరూ వెనక్కి అడగరు. అప్పులు తీర్చడానికి, ఏడాది ఇంటి ఖర్చుకు, పిల్లల ఫీజులకు దీన్నే వాడండి. ట్రిబ్యునల్ అవార్డు డబ్బు వేరు. బీమా కంపెనీ హైకోర్టుకు వెళ్తే, అప్పీలు నడుస్తుండగా తీసుకున్న భాగంలో తేడా వస్తే తిరిగి కట్టాల్సి రావచ్చు. అప్పీలు తేలేవరకు ఆ మొత్తం ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో ఉంచి, వడ్డీ మాత్రమే తీసుకోండి. పిల్లల వాటా మైనారిటీ తీరేదాకా బ్యాంకులోనే ఉంచమని సాధారణంగా ట్రిబ్యునలే ఆదేశిస్తుంది. చదువుకు ఆ వడ్డీ నెలనెలా మీ ఖాతాలో పడేలా ఆదేశం ఇవ్వమని అవార్డు రోజుకు ముందే లాయరు చేత మెమో వేయించండి.