డిగ్రీ పేరులో ‘నానో’ ఉండాల్సిందేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీఫార్మసీ ఆఖరి సంవత్సరం. రెండేళ్ల కిందట నాకు గుండెపోటు వచ్చి స్టెంట్ వేశారు. రక్తం మళ్లీ పారాక గుండెకు జరిగే నష్టాన్ని నానో మందులతో ఆపే పరిశోధన చేస్తానంటోంది. ఎంటెక్ నానోటెక్నాలజీ మంచిదా, ఎంఫార్మసీనా? దేంట్లో త్వరగా సెటిలవుతుంది? – ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: మీ అమ్మాయి గాల్లో మాట్లాడటం లేదండీ. మూసుకుపోయిన నాళం తెరుచుకుని రక్తం ఒక్కసారిగా పారితే కణాలను దెబ్బతీసే ఫ్రీ రాడికల్స్ చెలరేగుతాయి, కణాల్లో కాల్షియం పేరుకుంటుంది. అప్పటిదాకా కొనఊపిరితో ఉన్న కణాలు కొన్ని అప్పుడు చచ్చిపోతాయి. దీన్నే రీపర్ఫ్యూజన్ ఇంజురీ అంటారు. (స్టెంట్ అనవసరంగా వేశారేమోనని కంగారు పడకండి. నాళం తెరవకపోతే పోయేది ఇంకా ఎక్కువ.)

నా అనుమానమల్లా నానో మోజు మీదే. ల్యాబ్‌లో ఎలుక గుండె ధమనిని దారంతో అరగంట బిగించి వదులుతారు. తర్వాత గుండెను ముక్కలు కోసి టీటీసీ ద్రావణంలో వేస్తే బతికిన కండరం ఎర్రబడుతుంది, చచ్చింది తెల్లగా మిగులుతుంది. సీరియం ఆక్సైడ్ రేణువులో, మందు నింపిన సూక్ష్మమైన కొవ్వు బుడగల్లాంటి లైపోజోమ్‌లో ఎక్కించాక ఆ తెలుపు తగ్గితే పేపర్ అచ్చవుతుంది. మందు మాత్రం బయటికి రాదు. ఆ ఎలుకకు షుగర్ లేదు, అరవై ఏళ్ల వయసూ లేదు. పైగా ఎక్కించిన రేణువుల్లో చాలావాటిని లివరే పట్టేసుకుంటుంది. 2008లో చిన్న ట్రయల్‌లో ఈ నష్టాన్ని ఆపుతుందని ఆశపెట్టిన సైక్లోస్పోరిన్ అనే మందు, 2015లో 970 మందిపై జరిగిన ‘సర్కస్’ అనే ట్రయల్‌లో పనిచేయదని తేలిపోయింది.

అందుకే చేతికి పనినేర్పే ఎంఫార్మసీకే నా ఓటు. ఎంఫార్మసీ ప్రవేశపరీక్ష జీప్యాట్ రాయించండి. హైదరాబాద్ బాలానగర్‌లోని జాతీయ ఫార్మసీ సంస్థ నైపర్ లాంటి చోట సీటొస్తే మరీ మంచిది. లైపోజోమ్‌లూ, నానో రేణువులూ ఎంఫార్మసీలో మందుల తయారీ నేర్పే ఫార్మాస్యూటిక్స్‌లోనే ఉంటాయి. పరిశోధన వద్దనుకున్నా హైదరాబాద్ కంపెనీల్లో ఫార్ములేషన్ (మందును మాత్రగానో ఇంజెక్షన్‌గానో రూపొందించే) పని ఉంటుంది. పీహెచ్‌డీకి వెళితే జేఆర్ఎఫ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు. గుండె మీదే చేస్తానంటే, ఆస్పత్రీ పరిశోధనా ఒకే గొడుగు కింద ఉన్న తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ ఉంది.

ఇక మీ సంగతి. ఉత్తరంలో ‘సెటిల్’ ఉంది గానీ అమ్మాయికి ఏ సబ్జెక్టు ఇష్టమో ఒక్క ముక్క లేదు. పెళ్లి మాట రాయకపోయినా నాకు అర్థమైంది. ‘నేను ఉండగానే ఆమె ఒడ్డున పడాలి’ అన్నది మీ టెన్షన్, కాదా? దానికి మందు మీ అమ్మాయి కోర్సు కాదు. మీ మాత్రలు మీరు మానకండి, చెకప్‌లకు వెళ్లండి. స్టెంట్ వేయించుకుని ఏళ్లతరబడి నిక్షేపంగా తిరుగుతున్నవాళ్లు ఎందరో.

ఈ ఆదివారం ఆమెనొక్కటి అడగండి: ఎలుకను కోయగలవా అని. బీఫార్మసీలో ఇప్పుడు జంతువుల మీద ప్రయోగాలన్నీ చాలావరకు కంప్యూటర్ తెర మీదే కానిచ్చేస్తున్నారు, ఆమె చేత్తో చేసి ఉండకపోవచ్చు. కోస్తానంటే, మందు ఒంట్లో ఎలా పనిచేస్తుందో చూసే ఫార్మకాలజీ. వామ్మో అంటే ఫార్మాస్యూటిక్స్.