పడవలో సగం బరువు మీరిద్దరే

తిరుపతి

చిరంజీవులు పాపకు, అబ్బోడికి చిన్నాయన ఆశీస్సులు.

చిత్తూరు నుంచి హుస్సేన్ సాగర్‌కు బయల్దేరే ముందు ఇది ఇద్దరూ చదవండి. మీరు ఎక్కబోయే 470 అనే తెరచాప పడవను 1963లో ఆంద్రే కోర్ను గీశాడు. పొడవు 4.7 మీటర్లు, పేరు అందుకే. 1976 నుంచి ఒలింపిక్స్‌లో ఉంది. 2024 నుంచి ఆడ, మగ కలిసి నడిపే పోటీ అయింది, అక్కాతమ్ముళ్లకు బాగా కుదిరింది. పడవ 120 కిలోలు, మీరిద్దరూ కలిపి దాదాపు అంతే. మీరు ఎక్కడ కూర్చుంటారో దాన్నిబట్టే దాని పరుగు.

గాలి గట్టిగా ఉంటే పడవ ఒరగకూడదు. ఒరిగితే తెరచాప లాగే బలం పడవ మధ్యనుంచి పక్కకు పోయి ముక్కును గాలికేసి తిప్పుతుంది. దాన్ని ఆపడానికి పాప చుక్కానిని తనవైపు గుంజి పట్టాలి. వాలుగా నిలిచిన చుక్కాని నీళ్లలో బ్రేకే! చేతికి బరువు తగిలితే దాంతో కుస్తీ పట్టొద్దమ్మా, పెద్ద తెరచాపను బిగించే తాడు, అదే మెయిన్ షీట్, జానెడు వదులు. అబ్బోడు ట్రాపీజ్ మీద, అంటే మాస్ట్ (తెరచాప కొయ్య) నుంచి వేలాడే తీగకు నడుం తగిలించి, కాళ్లు చాచి నిటారుగా సాగాలి. అయినా తగ్గకపోతే సెంటర్‌బోర్డు, అంటే పడవ అడుగున నీళ్లలోకి దిగే పలక, కొంచెం పైకి లేపండి. నీళ్లలో దాని పట్టు వెనక్కి జరిగి చుక్కాని తేలికవుతుంది.

గాలి పడిపోతే లెక్క తిరగబడుతుంది. ఇద్దరూ ముందుకు జరగండి, వెనకభాగం నీళ్లను ఈడవకూడదు. గాలి పోయే వైపు కాస్త ఒరగనిస్తే చాప తన బరువుకే ఆకారం తీసుకుంటుంది, తడిసే అడుగుభాగం తగ్గుతుంది. లోపల పిల్లిలా కదలండి.

సుమారు 5 నాట్లు, అంటే గంటకు 9 కిలోమీటర్ల దగ్గర పడవ తాను లేపిన అలలోనే చిక్కుకుంటుంది. పక్కగాలిలో ఒక విసురు రాగానే ఇద్దరూ వెనక్కి జరిగితే ముక్కు లేచి నీటిమీద జారుతుంది. ఆలస్యం చేశారా, ఆ విసురు పోయినట్టే.

మాస్ట్ నిలబెట్టాక కొలత టేపును పెద్ద తెరచాప ఎత్తే తాడుకు కట్టి పైకి లాగండి. ఎడమ, కుడి అంచుల్లో ఒకే చోటికి కొలిస్తే రెండూ సమానం రావాలి. తేడా వస్తే ఒకవైపు తిరిగినప్పుడు బాగా పోయే పడవ రెండోవైపు మొరాయిస్తుంది. మాస్ట్ ఎంత వాలిందో తెలియడానికి అదే టేపుతో వెనక అంచుకూ కొలిచి, ఆ అంకెను పడవ లోపలే మార్కర్‌తో రాయండి.

ట్రాపీజ్ తీగలు, మాస్ట్‌ను పట్టే పక్కతీగల మీద పొడి దూది రుద్దండి. పోగు చిక్కుకుంటే అక్కడ ఒక పోచ తెగింది, ఆ తీగ మార్చాల్సిందే. ఎక్కువగా బిగింపుల దగ్గరే తెగుతుంది. పడవను తేల్చే గాలిగదుల బిరడాలు నీళ్లలోకి దించేముందు బిగించండి. గదిలోకి 10 లీటర్లు చేరితే 10 కిలోలు, పైగా పడవ ఒరిగిన వైపుకే పారతాయి.

అలిపిరి నుంచి 3550 మెట్లూ ఎక్కితే ఊపిరి పెరుగుతుంది, మంచిదే. కానీ అంచున వేలాడే తొడలకు కదలకుండా పట్టే బలం కావాలి. గోడకు వీపు ఆనించి, కుర్చీలో ఉన్నట్టు ఒక నిమిషం చొప్పున రోజుకు అయిదుసార్లు నిలవండి. ఇవాళే మొదలుపెట్టండి.

మీ చిన్నాయన