ఊరు పెరిగేకొద్దీ వీధుల మధ్య కలయిక కూడా పెరుగుతుందా?

చిన్న నగరం పెరిగితే రోడ్లు పెరుగుతాయి, నిజమే. కానీ అవి ఒకదానితో ఒకటి కలవడం చాలాసార్లు తగ్గుతుంది.

పాత ఊరి నడిబొడ్డున వీధులు ఇరుకే అయినా చాలా సందులు ఇంకో సందులో తేలతాయి. ఒకటి మూసేసినా పక్కదాంట్లోంచి పోవచ్చు. శివార్లలో భూమి ముక్కలు ముక్కలుగా లేఅవుట్ అవుతుంది. ఒక్కోదానికి మెయిన్ రోడ్డు మీదకు ఒకటో రెండో దారులు, లోపల చాలావరకు డెడ్ ఎండ్‌లే. గోడ అవతలి ఇల్లు కళ్లెదుటే ఉంటుంది, బండి మీద వెళ్లాలంటే మాత్రం మెయిన్ రోడ్డెక్కి చుట్టూ తిరిగి రావాలి. ఆ రోడ్డు జామ్ కావడానికి ఇదో పెద్ద కారణం.

ఈ కలయికను కొలవాలంటే రోడ్డు ముక్కల (ఒక కూడలి నుంచి తర్వాతి కూడలి లేదా డెడ్ ఎండ్ దాకా ఒక ముక్క) సంఖ్యను కూడళ్లు, డెడ్ ఎండ్‌ల మొత్తంతో భాగించండి. పెద్ద గళ్ల నమూనాలో 2కు దగ్గరగా వస్తుంది, చెట్టు కొమ్మల్లా చీలిపోయే వీధుల్లో 1కి కాస్త తక్కువే. నగరం మొత్తానికి ఒకే అంకె తీస్తే మోసపోతాం. నడిబొడ్డు లెక్క వేరు, శివారు లెక్క వేరు.

తర్వాత ఖాళీ స్థలాలు నిండేటప్పుడు కొన్ని వీధులు కలుస్తాయి. డెడ్ ఎండ్ చివర ఇల్లు లేచిందా, ఇక దాన్ని తెరవడం మహా కష్టం. అందుకే లేఅవుట్‌కు అనుమతి ఇచ్చేటప్పుడే పక్క స్థలం వైపు రోడ్డు వదిలించాలి.